కొలెస్ట్రాల్ మందుల ఎంపిక: జన్యు పరీక్ష ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

స్టాటిన్లనే కొలెస్ట్రాల్ మందుల్లో ఒకటైన రోసువాస్టాటిన్ 10 మి.గ్రా. మాత్ర వాడినవారిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) సగటున 45 శాతం దాకా తగ్గుతుంది. అది సగటు లెక్క. ఒకరికి 55 శాతం తగ్గితే మరొకరికి 25 దగ్గరే ఆగిపోతుంది. ఇంకొకరికి ఎల్‌డీఎల్ బాగానే దిగినా తొడలు, పిక్కలు పట్టేసి మెట్లెక్కడం కష్టమవుతుంది. ఈ తేడాల్లో కొంత పుట్టుకతో వచ్చినదే. అందుకే ఇప్పుడు చాలామంది, మందు మొదలుపెట్టకముందే జన్యు పరీక్ష చేయించుకోవాలా అని అడుగుతున్నారు.

ముందుగా ఒక మాట. ఏ మందు మీకు ఎంత శాతం తగ్గిస్తుందో జన్యు పరీక్ష చూసి చెప్పడం ఇప్పటికీ కుదరదు. స్టాటిన్ ప్రభావాన్ని మార్చే జన్యు తేడాలు చాలానే బయటపడ్డాయి గానీ, మామూలు మనుషుల్లో వాటన్నిటి ప్రభావం కలిపినా చిన్నదే. ఆ సంగతి తేల్చేది మాత్ర మొదలుపెట్టిన 6 వారాలకు చేయించే లిపిడ్ ప్రొఫైల్. అదే చవక, అదే కచ్చితం. జన్యువులు గట్టిగా మాట్లాడే చోట్లు మూడే: కండరాలకు ముప్పు, రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను పట్టి లాగే రిసెప్టార్ లోపం, ఎల్‌డీఎల్ లాంటిదే అయిన లైపోప్రొటీన్-ఏ అనే కొవ్వు రేణువు.

జన్యువుల దాకా వెళ్లే ముందు

మందు పనిచేయడం లేదని వచ్చేవారిలో ఎక్కువమందికి కారణం జన్యువుల్లో ఉండదు. మాత్ర వారానికి రెండు మూడు రోజులు మానేయడం మొదటి కారణం. రెండోది థైరాయిడ్. హైపోథైరాయిడిజం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, పైగా స్టాటిన్ వల్ల కండరాల నొప్పి వచ్చే అవకాశాన్నీ పెంచుతుంది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూడకుండా స్టాటిన్ మోతాదు రెట్టింపు చేయడం తప్పు. మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతున్నా, పిత్తం అడ్డుపడిన కామెర్లు ఉన్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

రోసువాస్టాటిన్ వేసుకున్న వెంటనే గ్యాస్‌కు అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన యాంటాసిడ్ సిరప్ తాగితే రక్తంలోకి చేరే మందు దాదాపు సగం పడిపోతుంది. మాత్ర వేసుకున్నాక 2 గంటలు ఆగి సిరప్ తాగాలి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే రిపోర్టులో లెక్కగట్టి వేసిన ఎల్‌డీఎల్ అంకెను నమ్మకండి. డైరెక్ట్ ఎల్‌డీఎల్ గానీ, ఇంకా మేలుగా అపోబీ (ఎల్‌డీఎల్ లాంటి రేణువుల మీద ఉండే ప్రొటీన్) గానీ చేయించాలి.

మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏ స్టాటిన్ అయినా రెట్టింపుకు అదనంగా దిగేది సుమారు 6 శాతమే. అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. 37 శాతం తగ్గిస్తే 20 మి.గ్రా. 43, 40 మి.గ్రా. 48. అదే పేగుల్లోంచి కొలెస్ట్రాల్ ఒంట్లోకి చేరకుండా ఆపే ఎజెటిమైబ్ 10 మి.గ్రా. తోడు చేస్తే ఉన్న స్థాయి నుంచి మరో 20 శాతం పైగా దిగుతుంది. 20 నుంచి 80కి ఎక్కడం కన్నా 20కి ఎజెటిమైబ్ కలపడం చాలామందికి మంచి బేరం.

ఏ స్టాటిన్? కండరాల సంగతి

స్టాటిన్ పనిచేయాల్సింది కాలేయంలో. రక్తంలోంచి దాన్ని కాలేయ కణాల్లోకి లాక్కునే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పేరు ఎస్‌ఎల్‌సీఓ1బీ1. ఈ ప్రొటీన్‌ను కాలేయానికి తలుపు అనుకోవచ్చు. దాని 174వ స్థానంలో వేలైన్ బదులు అలనైన్ వస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. లోపలికి పోవాల్సిన మందు రక్తంలో నిలిచి కండరాలను తాకుతుంది. రిపోర్టులో ఇది 521టీ>సీ అనో ఆర్‌ఎస్4149056 అనో కనిపిస్తుంది. టీటీ అంటే మామూలు, టీసీ అంటే ఒక కాపీ తేడా, సీసీ అంటే రెండూ తేడా.

2008లో వచ్చిన సెర్చ్ అధ్యయనం దీన్ని బయటపెట్టింది. సిమ్వాస్టాటిన్ 80 మి.గ్రా. వాడినవారిలో ఒక సీ కాపీ ఉంటే కండరాల జబ్బు ముప్పు సుమారు 4.5 రెట్లు, రెండుంటే దాదాపు 17 రెట్లు. 2011లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ 80 మి.గ్రా. మోతాదును కొత్తవారికి మొదలుపెట్టవద్దంది.

అన్ని స్టాటిన్లకూ ఈ తలుపు ఒకేలా అవసరం లేదు. ఎంపిక ఇక్కడే ఉంది. సీసీ ఉన్నవారి రక్తంలో చురుకైన సిమ్వాస్టాటిన్ 3 రెట్లకు పైగా పేరుకుంటుంది. అటోర్వాస్టాటిన్ దాదాపు రెండున్నర రెట్లు. రోసువాస్టాటిన్ పెరిగేది 65 శాతం మాత్రమే. ఫ్లూవాస్టాటిన్‌లో పెద్ద తేడా ఉండదు. కాలేయంలోకి చేరేది కాస్త తగ్గినా ఎల్‌డీఎల్ తగ్గుదలలో పడే లోటు చిన్నదే. కాబట్టి ఈ పరీక్ష చెప్పేది మోతాదు ఎక్కడ ఆపాలన్నదే గాని, మందు పనిచేస్తుందా లేదా అన్నది కాదు.

మందు స్పందన జన్యువులపై సలహాలిచ్చే సీపిక్ బృందం 2022లో ఇచ్చిన హద్దులు ఇవి.

సిమ్వాస్టాటిన్: టీసీ ఉన్నా, సీసీ ఉన్నా వేరే మందుకు మారాలి. టీసీ ఉన్నవారికి అదే తప్పనిసరైతే 20 మి.గ్రా. కన్నా తక్కువలోనే ఉంచాలి.
అటోర్వాస్టాటిన్: టీసీకి 40, సీసీకి 20 మి.గ్రా. దాటకుండా మొదలుపెట్టాలి.
రోసువాస్టాటిన్: టీసీకి హద్దు లేదు. సీసీకి 20 మి.గ్రా.
పిటవాస్టాటిన్: టీసీకి 2, సీసీకి 1 మి.గ్రా.
ప్రవాస్టాటిన్: సీసీకి 40 మి.గ్రా.

సిమ్వాస్టాటిన్ వాడని చోట ఈ పరీక్ష విలువ సగానికి సగం పడిపోతుంది. మన దగ్గర డాక్టర్లు రాసేది చాలావరకు అటోర్వా, రోసువా. రోసువా 10తో హాయిగా ఉన్నవారు ఈ పరీక్షకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఇదివరకు ఏదో ఒక స్టాటిన్‌తో సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరిగినవారికీ, ఇంట్లో ఎవరికైనా అలా జరిగినవారికీ, 65 ఏళ్లు దాటి సన్నగా ఉండి కిడ్నీ కూడా బలహీనంగా ఉన్నవారికీ పనికొస్తుంది. 'సహజ కొలెస్ట్రాల్ మందు' పేరుతో అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ గుళికల్లో ఉండే మోనకోలిన్-కే, లోవాస్టాటిన్ ఒకటే. మాత్ర మానేసి వాటికి మారినవారు మందు మార్చారంతే, మానలేదు. మోతాదు ఎంతో తెలియని మందుకు మారారు.

రోసువాస్టాటిన్ వాడేవారు చూడాల్సిన రెండో జన్యువు ఏబీసీజీ2. ఇది పేగుల్లో, పిత్తనాళాల వైపు మందును బయటికి తోసే పంపు. 421సీ>ఏ అనే తేడా రెండు కాపీలుగా ఉంటే, అంటే ఏఏ అయితే, రక్తంలో రోసువా దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. తూర్పు ఆసియా దేశాల్లో ఈ ఏ కాపీ చాలా మామూలు. ఆసియా మూలాల వారికి 5 మి.గ్రా.తో మొదలుపెట్టమని అమెరికాలో ఆ మందు లేబుల్ చెబుతుంది. ఆ హెచ్చరికలో భారతీయ మూలాలవారూ ఉన్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి అక్కడి డాక్టరు 5తో మొదలుపెడితే తక్కువ రాశారని కంగారు పడకండి. ఏఏ ఉన్నవారిలో అదే మోతాదుకు ఎల్‌డీఎల్ కూడా కొంచెం ఎక్కువే దిగుతుంది. వారికి 20 మి.గ్రా. దాటకూడదు, చాలామందికి 10 చాలు.

ఈ ఏబీసీజీ2 తేడాయే యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా ఆపి, కీళ్లు వాచి నొప్పెట్టే గౌట్‌కు దారి తీస్తుంది. ఇంట్లో గౌట్ ఉండి, మీ రిపోర్టులో ఏఏ కనబడితే బెంపెడోయిక్ యాసిడ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టే ముందు యూరిక్ యాసిడ్ చూసుకోండి. ఆ మందు కూడా దాన్ని పెంచుతుంది.

వేరే మందులు చేసే హాని జన్యువుల హాని కన్నా ఎక్కువగా కనబడుతుంది. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్, జెమ్‌ఫైబ్రోజిల్, సైక్లోస్పోరిన్‌లతో సిమ్వాస్టాటిన్ వాడకూడదు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకునేవారు సిమ్వా 20 మి.గ్రా. దాటకూడదు. వెరాపమిల్, డిల్టియాజెమ్ ఉంటే 10. మన ఊళ్లలో ఆమ్లోడిపిన్ ఎంతమంది వాడతారో తెలిసిందే గనక ఇది ఒక్కటైనా గుర్తుపెట్టుకోండి.

నొప్పి వస్తే ఏం చేయాలి

రెండు వైపులా ఒకేలా, తొడలు, తుంట్లు, భుజాల్లో, మందు మొదలైన కొన్ని వారాల్లో వచ్చే నొప్పి స్టాటిన్‌ది కావచ్చు. ఒక్క మోకాలో, ఒక్క భుజమో నొస్తే ముందు వేరే కారణం వెతకాలి. సీకే పరీక్షకు ముందు రెండు రోజులు జిమ్, బరువు పనులు ఆపండి. లేకపోతే కష్టపడినందుకే అంకె పెరుగుతుంది. సీకే మామూలు హద్దుకు 10 రెట్లు దాటినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా మాత్ర వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

అంత పెరగకపోతే 2 నుంచి 4 వారాలు ఆపి చూడండి. నొప్పి తగ్గకపోతే అది చాలావరకు స్టాటిన్ వల్ల కాదు. తగ్గితే వేరే స్టాటిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టాలి. రోసువాస్టాటిన్ ఒంట్లో చాలాసేపు ఉంటుంది గనక 5 మి.గ్రా. రోజు విడిచి రోజు వేసుకున్నా పనిచేస్తుంది. నొప్పి వల్ల స్టాటిన్ మానేసినవారికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూసిన సామ్సన్ అధ్యయనంలో, స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. నొప్పి నిజమే. కారణం మాత్రం చాలాసార్లు మందు కాదు. అందుకే ఒక్కసారి నొప్పి వచ్చిందని జీవితాంతం స్టాటిన్ పడదని రాసేసుకోవద్దు.

మాత్ర ఆపినా నెలల తరబడి బలహీనత పెరుగుతూ, సీకే దిగకుండా ఉంటే హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ పరీక్ష అడగండి. ఆ యాంటీబాడీ ఉంటే, అది ఒంటి రక్షణ వ్యవస్థే కండరాల మీద దాడి చేసే అరుదైన ఆటోఇమ్యూన్ జబ్బు. అలాంటివారికి మళ్లీ ఏ స్టాటిన్ కూడా ఇవ్వకూడదు.

స్టాటిన్ నిజంగానే పడనివారికి ఎజెటిమైబ్, బెంపెడోయిక్ యాసిడ్ 180 మి.గ్రా. మొదటి ప్రత్యామ్నాయాలు. విడివిడిగా ఒక్కోటి 20 శాతం చుట్టుపక్కల తగ్గిస్తుంది. బెంపెడోయిక్ యాసిడ్‌ను చురుకైన మందుగా మార్చే ఎంజైమ్ కాలేయంలో ఉంటుంది, కండరంలో ఉండదు. కండరాలకు అది చేటు చేయకపోవడానికి కారణం అదే. గౌట్ ఉన్నవారు, స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే తాడు) తెగిన చరిత్ర ఉన్నవారు దీన్ని తప్పించాలి.

ఎల్‌డీఎల్ దిగనే దిగకపోతే: రిసెప్టార్ ఎంత మిగిలింది

రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను పట్టి కాలేయంలోకి లాగే రిసెప్టార్‌ను కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఈ రిసెప్టార్ జన్యువు ఎల్‌డీఎల్‌ఆర్‌లో ఒక కాపీ చెడితే వచ్చేది ఫెమిలియల్ హైపర్‌కొలెస్ట్రాలేమియా. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. రెండు కాపీలూ చెడితే చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. స్టాటిన్, ఎజెటిమైబ్, ఈ రిసెప్టార్లను నాశనం చేసే పీసీఎస్‌కే9 ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు అన్నీ చివరికి చేసే పని ఒకటే, కాలేయం మీద ఈ రిసెప్టార్లను పెంచడం. రిసెప్టారే లేనివారిలో ఇవన్నీ చేతులెత్తేస్తాయి. జన్యు పరీక్ష మందు ఎంపికను నిజంగా మార్చేది ఇక్కడే.

ఒక కాపీ చెడినవారికి పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లలో ఒకటైన ఎవలోకుమాబ్ 140 మి.గ్రా. 2 వారాలకోసారి ఇస్తే మామూలు రోగుల్లోలాగే 60 శాతం దాకా దిగుతుంది. రెండు కాపీలూ చెడి, కాస్తో కూస్తో పనిచేసే రిసెప్టార్ మిగిలినవారిలో తగ్గుదల సగటున 30 శాతం చుట్టూ ఉంటుంది. రెండూ పూర్తిగా పోయినవారిలో దాదాపు ఏమీ ఉండదు. వారికి రిసెప్టార్‌తో పనిలేని దారులు కావాలి. ఏఎన్‌జీపీటీఎల్3 ప్రొటీన్‌ను అడ్డుకునే ఎవినాకుమాబ్ వారిలోనూ సుమారు సగానికి తగ్గిస్తుంది. లోమిటాపైడ్ ఇంకో దారి, విరేచనాల వంటి కడుపు ఇబ్బందులు రాకుండా నూనె బాగా తగ్గించి తినాలి, కాలేయంలో కొవ్వు పేరుకుంటుందేమో కూడా చూసుకోవాలి. డయాలసిస్ తరహాలో ఎల్‌డీఎల్‌ను వడకట్టే అఫెరిసిస్ మరో దారి.

రిపోర్టులో అపోబీ 3527వ స్థానంలో తేడా వస్తే రిసెప్టార్ బాగానే ఉంది, దాన్ని పట్టుకునే ఎల్‌డీఎల్ మీది కొక్కెమే పాడైంది. వీరికి స్టాటిన్, పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి. పీసీఎస్‌కే9 జన్యువే మితిమీరి పనిచేసే కుటుంబాలు 2003లో ఫ్రాన్స్‌లో బయటపడ్డాయి. ఆ తర్వాత దాని పని ఆగిపోయినవారిలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా, గుండెజబ్బు 88 శాతం తక్కువగా ఉన్నట్టు 2006లో అమెరికాలోని నల్లజాతివారిపై అధ్యయనం చూపింది. ఈ ఇంజెక్షన్లన్నీ ఆ గమనిక నుంచి పుట్టినవే.

చిన్నపిల్లల కీళ్ల మీద కొలెస్ట్రాల్ గడ్డలుండి, తల్లిదండ్రుల లిపిడ్లు మామూలుగా ఉంటే సైటోస్టెరాలేమియా ఉందేమో చూడాలి. ఏబీసీజీ5, ఏబీసీజీ8 జన్యువుల లోపం అది. మామూలు లిపిడ్ పరీక్ష మొక్కల స్టెరాల్‌ను కొలెస్ట్రాల్ అనే చూపిస్తుంది. ఇక్కడ స్టాటిన్ పెద్దగా పనిచేయదు, ఎజెటిమైబ్ బాగా పనిచేస్తుంది. నువ్వులు, వేరుశనగ, గింజ నూనెలు తగ్గించాలి. కొలెస్ట్రాల్‌కు మంచిదని అమ్మే ప్లాంట్ స్టెరాల్ పొడులు వీరికి విషం లాంటివి.

ఇంజెక్షన్లలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వస్తే జన్యువుల కన్నా ఇంటి పరిస్థితే ఎక్కువ చూడాలి. ఎవలోకుమాబ్, అలిరోకుమాబ్ 2 వారాలకోసారి ఇంట్లోనే వేసుకోవచ్చు, 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బస్సులో ఐస్ లేకుండా తెచ్చిన పెన్నును వాడకూడదు. ఇంక్లిసిరాన్‌ను ఆసుపత్రిలో వేస్తారు. మొదటిది, 3 నెలలకు రెండోది, ఆపైన 6 నెలలకోటి. తగ్గుదల సుమారు 50 శాతం. ఫ్రిజ్ బెడద లేదు, మర్చిపోయే బెడదా తక్కువే. ఇంక్లిసిరాన్ కూడా రిసెప్టార్ మీదే ఆధారపడుతుంది గనక రిసెప్టార్ లేనివారికి దీంతోనూ లాభం లేదు.

లైపోప్రొటీన్-ఏ: ఒక్కసారి చేయించండి

దీనికి జన్యు పరీక్ష అక్కర్లేదు, రక్తంలో నేరుగా కొలవచ్చు. ఎంత ఉండాలో ఎక్కువ భాగం ఎల్‌పీఏ జన్యువే నిర్ణయిస్తుంది గనక జీవితంలో ఒక్కసారి చూస్తే చాలామందికి చాలు. 50 మి.గ్రా./డె.లీ. లేదా 125 నానోమోల్ దాటితే ఎక్కువ కింద లెక్క. స్టాటిన్ దీన్ని తగ్గించదు. పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు 20 నుంచి 30 శాతం తగ్గిస్తాయి.

మందు పనిచేయడం లేదన్న భ్రమ ఇక్కడ కూడా పుడుతుంది. రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్‌లో ఈ లైపోప్రొటీన్-ఏలోని కొలెస్ట్రాల్ కూడా కలిసి ఉంటుంది. లైపోప్రొటీన్-ఏ 100 మి.గ్రా./డె.లీ. ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 150 అనుకోండి. అందులో సుమారు 30 దానిదే. మిగిలిన 120ని స్టాటిన్ సగానికి, అంటే 60కి దింపినా రిపోర్టులో 90 వస్తుంది. తగ్గింది 40 శాతమేనని మాత్ర మార్చడం వృథా. మందు తన పని తాను చేసింది.

ఏ పరీక్ష కొనాలి, ఏది వద్దు

కేఐఎఫ్6 అనే జన్యువు చూసి స్టాటిన్ ఎవరికి మేలు చేస్తుందో చెబుతామని అమెరికాలో కొన్నేళ్లు పరీక్ష అమ్మారు. హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 18 వేల మందికి పైగా చూస్తే జన్యువు ఏదైనా మేలు ఒకేలా ఉందని 2011లో తేలింది. ఇది ఇప్పటికీ ప్యాకేజీల్లో కనబడితే ఆ ల్యాబ్‌ను నమ్మవద్దు. అపోఈ అనే మరో జన్యువు పరీక్ష కూడా స్టాటిన్ ఎంపికకు పనికిరాదు. మొత్తం కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు రెండూ 300 దాటి, అరచేతి గీతల్లో పసుపు చారలున్నవారికి మాత్రం ఆ జన్యువులో ఈ2/ఈ2 (రెండు కాపీలూ ఈ2 రకం) ఉందేమో చూడాలి. ఉంటే ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఫైబ్రేట్ మందు అవసరం పడవచ్చు.

రిసెప్టార్ జన్యువుల పరీక్ష అందరికీ కాదు. గుండెజబ్బు లేనివారిలో ఎల్‌డీఎల్ 190 దాటిన ప్రతివారినీ పరీక్షిస్తే తేడా దొరికేది సుమారు 2 శాతం మందిలోనే. మడమ స్నాయువు లావెక్కి గట్టిపడడం, 45 ఏళ్లలోపు కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం, ఇంట్లో 55 లోపు మగవారికి లేదా 60 లోపు ఆడవారికి గుండెపోటు, వీటిలో ఏదైనా తోడైతే చేయించాలి. ఎల్‌డీఎల్ 250 దాటితే తప్పకుండా. ల్యాబ్‌ను అడగాల్సినవి రెండు. ఎల్‌డీఎల్‌ఆర్, అపోబీ, పీసీఎస్‌కే9, ఎల్‌డీఎల్‌ఆర్‌ఏపీ1 నాలుగింటినీ పూర్తిగా చదువుతారా? జన్యువులో పెద్ద ముక్కలు ఎగిరిపోతే పట్టుకుంటారా? నోట్లోంచి ఉమ్మి తీసి చిప్ మీద చేసే చవక పరీక్షలు ముందే తెలిసిన కొన్ని తేడాలనే చూస్తాయి. వాటిలో ఏమీ లేదని వస్తే జబ్బు లేదని కాదు. 'ప్రాముఖ్యం తెలియదు' అని రిపోర్టు వస్తే దాన్నిబట్టి మందు మార్చకూడదు, ఎల్‌డీఎల్ అంకెనుబట్టే నడవాలి.

తేడా ఒకరిలో దొరికాక ఇంట్లో మిగిలినవారికి ఆ ఒక్క తేడానే వెతికితే చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది. తోబుట్టువులకు, పిల్లలకు ఉండే అవకాశం చెరి సగం. పిల్లలకు ముందు మామూలు లిపిడ్ పరీక్ష చాలు, అవసరమైతే 8 నుంచి 10 ఏళ్ల వయసులో స్టాటిన్ మొదలుపెడతారు. బిడ్డను కనాలనుకునే ఆడవారు స్టాటిన్ ఎప్పుడు ఆపాలో ముందే డాక్టరుతో మాట్లాడాలి. మేనరికం చేసుకున్న ఇళ్లలో, భార్యాభర్తలిద్దరికీ ఈ జబ్బు ఉంటే, ప్రతి కాన్పులో రెండు చెడ్డ కాపీలతో బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి ఇంట్లో బిడ్డకు 2 ఏళ్లు నిండేలోపే ఎల్‌డీఎల్ చూడాలి. 400 దాటితే మాత్రలతో కాలం గడపకుండా లిపిడ్ క్లినిక్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.